అరువు గొంతు నుంచి సొంత గొంతుకు: అభిమాని రాక్ గాయకుడయ్యే సినిమాను రాయడం, తీయడం

తాను ఆరాధించే బృందంలో గాయకుడి స్థానం ఖాళీ కావడం, ఆ స్థానానికి తనకే పిలుపు రావడం అనే కథ వినగానే ఎవరికైనా నచ్చుతుంది. రాయబోయేవారికి మాత్రం చిక్కు అక్కడే మొదలవుతుంది. పిలుపు రావడంతో అభిమాని కోరిక తీరిపోతుంది, కోరిక తీరిన కథానాయకుడితో మిగిలిన గంటసేపు ఏం చేయించాలో తోచక చాలా స్క్రిప్టులు తాగుడు, మత్తుమందులు, హోటల్ గదుల విధ్వంసం వైపు మళ్ళిపోతాయి. ఇక్కడ చెప్పబోయే పద్ధతికి ఆధారం ఒక్కటే. వేరొకరి గొంతును పొల్లుపోకుండా పట్టుకున్నవాడు తన గొంతు ఏదో తెలుసుకోవలసి రావడమే ఈ కథలోని అసలు విషయం కనుక, ఆ రెండు గొంతుల తేడా ప్రేక్షకుడి చెవికి వినబడాలి. పాత్రల చేత మాటల్లో చెప్పించి సరిపెట్టుకుంటే కుదరదు.

నిజంగా జరిగినవాటితో మొదలుపెట్టండి

ఇలాంటి సంఘటనలు నిజంగానే జరిగాయి, వాటిని దగ్గరగా పరిశీలించడం మొదటి పని. బ్రిటిష్ హెవీ మెటల్ బృందం జూడాస్ ప్రీస్ట్ నుంచి రాబ్ హాల్ఫర్డ్ 1990ల ఆరంభంలో వైదొలగాక, 1996లో ఆ స్థానంలోకి టిమ్ ఓవెన్స్ వచ్చారు. ఆయనది అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఏక్రన్ నగరం. అంతకుముందు ఆయన పాడిన బ్యాండ్లలో ఒకటి జూడాస్ ప్రీస్ట్ పాటలనే పాడే ట్రిబ్యూట్ బ్యాండ్. దాని పేరు కూడా ఆ బృందం 1980లో విడుదల చేసిన ‘బ్రిటిష్ స్టీల్’ ఆల్బమ్ పేరే. ఆయన 1997లో ఒకటి, 2001లో ఒకటి చొప్పున రెండు స్టూడియో ఆల్బమ్‌లు పాడాక, 2003లో హాల్ఫర్డ్ తిరిగి రావడంతో ఆ అధ్యాయం ముగిసింది. ఈ ఉదంతంపై 1997లో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన కథనం నుంచి పుట్టినదే స్టీఫెన్ హెరెక్ దర్శకత్వంలో 2001లో వచ్చిన ‘రాక్ స్టార్’ చిత్రం. ఇందులో మార్క్ వాల్‌బర్గ్ పోషించిన క్రిస్ కోల్ పగలు ఫొటోకాపీ యంత్రాలు బాగుచేస్తాడు, రాత్రి స్టీల్ డ్రాగన్ అనే కల్పిత బృందం పాటలను అచ్చుగుద్దినట్టు పాడుతాడు.

ఒక్క ఉదాహరణతో ఆగితే స్క్రిప్టు దానికి నకలుగా తయారవుతుంది. మనీలాలో పాడుతున్న ఆర్నెల్ పినేడా వీడియోలను 2007లో యూట్యూబ్‌లో చూసి అమెరికన్ బృందం జర్నీ ఆయనను పిలిపించింది. బోస్టన్ అనే రాక్ బృందపు గాయకుడు బ్రాడ్ డెల్ప్ 2007లో మరణించాక, ఆ బృందం పాటలను పాడి ఇంటర్నెట్‌లో పెట్టిన టామీ డికార్లో అనే అభిమానికి వేదిక మీద చోటు దొరికింది. యెస్ అనే రాక్ బృందంలోకి 2008లో వచ్చిన బెన్వా డేవిడ్, 2012లో వచ్చిన జాన్ డేవిసన్ ఇద్దరూ ఆ బృందం పాటలు పాడే ట్రిబ్యూట్ బ్యాండ్ల నుంచి వచ్చినవారే. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే స్థానం ఎందుకు ఖాళీ అయిందన్న ప్రశ్నే కథ స్వభావాన్ని నిర్ణయిస్తుందని తెలుస్తుంది. పాత గాయకుడు అలిగి వెళ్ళిపోతే కొత్తవాడు తిరస్కారాన్ని మోయాలి, చనిపోతే శోకాన్ని మోయాలి, ఆరోగ్యం చెడి తప్పుకుంటే అతను ఏ రోజైనా తిరిగి వస్తాడేమోనన్న బెంగను మోయాలి. స్క్రిప్టులో ఒక్క సన్నివేశమైనా రాయకముందే ఈ మూడింటిలో ఒకదాన్ని ఖాయం చేసుకోవాలి.

కాలం ఎంపిక కూడా ఇప్పుడే జరగాలి. ఓవెన్స్ ఉదంతం 1996 నాటిదైనా, ‘రాక్ స్టార్’ తన కథను 1980ల మధ్యకు జరిపింది. ఇది తెలివైన పనేనని నా అభిప్రాయం, ఎందుకంటే 1981 ఆగస్టు 1న మొదలైన సంగీత వీడియోల ఛానల్ ఎంటీవీ పుణ్యమా అని ఆ దశాబ్దంలో హార్డ్ రాక్ గాయకుడి జుట్టూ దుస్తులూ ఇంటింటికీ పరిచయమయ్యాయి. 1990ల ఆరంభంలో సియాటిల్ నుంచి వచ్చిన గ్రంజ్ అనే ఆడంబరం లేని రాక్ ధోరణి ధాటికి ఆ హంగులన్నీ వెలవెలబోయాయి. కథానాయకుడు తన గొంతును వెతుక్కునే సమయానికి లోకపు అభిరుచి కూడా మారుతూ ఉంటే, ఆ మార్పును వేరుగా వివరించవలసిన పని ఉండదు.

అభిమానాన్ని వినిపించండి

గది గోడల నిండా పోస్టర్లు చూపించి అభిమానాన్ని తేల్చేయడం పాతబడిన పద్ధతి. నిజమైన అభిమాని జ్ఞానం చాలా సూక్ష్మమైన చోట ఉంటుంది. ఒక పాట రెండో చరణంలో అభిమాన గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు రికార్డులో లీలగా వినబడుతుందనుకుందాం. మన కథానాయకుడు క్యాసెట్‌ను వెనక్కి తిప్పి ఆ నాలుగు సెకన్లనే మళ్ళీ మళ్ళీ వింటాడు. ఆ చోట టేపు అరిగి ధ్వని కాస్త వణుకుతుంది. చివరికి వేదిక మీద అదే చోట, అదే చప్పుడుతో, తనకు ఊపిరి అవసరం లేకపోయినా ఊపిరి తీసుకుంటాడు. ప్రేక్షకుల్లో ఎవరూ దాన్ని గమనించరు. వెనక ఉన్న డ్రమ్మర్ ఒక్కడు గమనించి నవ్వుతాడు. ఇంత చిన్న సన్నివేశంలో అతని భక్తి, అతని నైపుణ్యం, అతని లోపం మూడూ ఒకేసారి తెలిసిపోతాయి. అవసరం లేని ఆ ఊపిరి సినిమా చివర ఎలాగూ అక్కరకొస్తుంది.

ట్రిబ్యూట్ బ్యాండుకూ కవర్ బ్యాండుకూ ఉన్న తేడాను స్పష్టంగా ఉంచుకోవాలి. కవర్ బ్యాండ్ అనేక బృందాల పాటలను తన ధోరణిలో పాడుతుంది; ట్రిబ్యూట్ బ్యాండ్ ఒకే బృందాన్ని, దుస్తులతో, కదలికలతో, గిటార్ ధ్వనితో సహా తిరిగి నిలబెట్టడానికి ప్రయత్నిస్తుంది. ‘రాక్ స్టార్’లో కథానాయకుడిని సొంత ట్రిబ్యూట్ బ్యాండే వెళ్ళగొట్టడానికి కారణం, గిటార్ వాద్యం అసలు రికార్డుకు తు.చ. తప్పకుండా ఉండాలని అతను పట్టుబట్టడం. ఆ తగాదాలో ఇద్దరి వైపూ న్యాయం ఉండేలా రాయాలి. మార్పులు కోరే గిటారిస్టును అసూయపరుడిగా చూపిస్తే తేలికే కానీ, అప్పుడు కథ తన మొదటి ప్రశ్ననే పారేసుకుంటుంది. నిజానికి చిత్రం ద్వితీయార్ధంలో కథానాయకుడు చేరుకోవలసిన చోటికి ఆ గిటారిస్టు ముందే చేరుకున్నాడు.

ఎంపిక సన్నివేశం, ఆ తర్వాత కాగితాలు

ఎంపికను మొదటి సగంలోనే, వీలైతే మొదటి నలభై నిమిషాల్లోనే ముగించాలి. ఆ సన్నివేశంలో పొరపాటు చేయడం చాలా తేలిక: అతను అద్భుతంగా పాడతాడు, బృంద సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, సంగీతం ఎగసిపడుతుంది. దానికి బదులు ఆడిషన్‌ను రెండు భాగాలుగా విడగొట్టండి. మొదట పాత పాట. అతను దాన్ని ఎంత కచ్చితంగా పాడతాడంటే, అద్దానికి అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు పాత ట్రాక్ పొరపాటున మోగుతోందేమోనని మీటర్లవైపు చూస్తాడు. తర్వాత బృంద నాయకుడు ఇంకా ఎవరూ పాడని కొత్త బాణీ ఒకటి వినిపించి, పాడమంటాడు. అనుకరించడానికి రికార్డు లేదు. హెడ్‌ఫోన్లలో గిటారూ డ్రమ్ములూ మాత్రమే ఉన్నాయి, గొంతు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. అతను తడబడతాడు, ఆపై అభిమాన గాయకుడైతే దీన్ని ఎలా పాడి ఉండేవాడో ఊహించి అలాగే పాడేస్తాడు. ఉద్యోగం దొరుకుతుంది. అతను దాటవేసింది ఏమిటో ప్రేక్షకుడికి మాత్రం అర్థమైపోతుంది, మిగతా సినిమాను నడిపించే అప్పు అదే.

ఒప్పందాన్ని ఒక్క సన్నివేశంలోనైనా చూపించడం మంచిది. రాక్ బృందంలో భాగస్వామికీ జీతం మీద వచ్చిన సంగీతకారుడికీ చాలా తేడా ఉంది. పేరు, పాత రికార్డుల రాబడి, నిర్ణయాధికారం భాగస్వాములవి. పాట రాసినవారికి వచ్చే ప్రచురణ హక్కుల రాబడి వేరు, పాడినవారికి వచ్చే రాబడి వేరు. కాబట్టి కథానాయకుడు తాను రాసిన పాటలు తెచ్చి చూపించినప్పుడు బృందం వద్దనడానికి కళాత్మక కారణం ఒక్కటే కాక ఆర్థిక కారణం కూడా ఉంటుంది. ఈ సంగతి తెలిసి రాస్తే ఆ నిరాకరణ క్రూరంగా కాక మర్యాదగా, నవ్వుతూ, భుజం తట్టి చెప్పే మాటగా వస్తుంది. అది ఇంకా ఎక్కువ బాధపెడుతుంది.

గొంతు ఎవరిది

నటుడి ఎంపిక కంటే ముందు గొంతు ఎంపిక జరగాలన్నది ఈ రకం సినిమాలో నేను గట్టిగా చెప్పే నియమం. మార్గాలు మూడు. నటుడే పాడవచ్చు, ‘ది డోర్స్’ (1991) చిత్రంలో వాల్ కిల్మర్ పాడినట్టు. వేరే గాయకుడు పాడవచ్చు. రెండింటినీ, అవసరమైతే అసలు రికార్డుల గొంతుతో సహా, కలిపి మిక్స్ చేయవచ్చు. ‘బొహీమియన్ రాప్సొడీ’ (2018) లో క్వీన్ బృంద గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పాత రికార్డులకు మార్క్ మార్టెల్ అనే గాయకుడి గొంతును జోడించారు. నిజజీవిత గాయకుడి కథకు ఈ మూడో మార్గం పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రేక్షకుడికి తెలిసిన గొంతు ఒకటే. కల్పిత బృందానికి సంబంధించిన మన కథలో కనీసం మూడు గొంతులు కావాలి: పాత గాయకుడిది, అతన్ని అనుకరించే కథానాయకుడిది, చివరికి తనదిగా మిగిలే గొంతు.

‘రాక్ స్టార్’ ఈ విషయంలో ఒక పాఠం. పాత గాయకుడికి జెఫ్ స్కాట్ సోటో, స్టీల్ డ్రాగన్ పాటల్లో కథానాయకుడికి స్టీల్‌హార్ట్ బృందానికి చెందిన మిల్యెంకో మాటియెవిచ్ పాడారు. చివర్లో అతను సొంతంగా పాడే నెమ్మదైన పాటకు ద వెర్వ్ పైప్ బృందపు బ్రయాన్ వాండర్ ఆర్క్ గొంతు ఇచ్చారు. అంటే కథానాయకుడికి సొంత గొంతు దొరికినప్పుడు తెర మీద వినిపించినది ఇంకో గాయకుడి గొంతు. అరువుతెచ్చుకున్న గొంతు నుంచి బయటపడిన మనిషికి మరో అరువు గొంతు తగిలించడం నాకు ఈ చిత్రంలోని పెద్ద లోపంగా తోస్తుంది. మన సినిమాలో అనుకరించే గొంతూ చివరి గొంతూ తప్పనిసరిగా ఒకే మనిషివి కావాలి. తార స్థాయిలో కేక పెట్టగలిగి, మంద్ర స్థాయిలో మామూలుగా మాట్లాడినంత సహజంగా పాడగలిగే గాయకుడు దొరికేవరకు ఆగడం మేలు.

ఆ గాయకుడితో స్టూడియోలో చేయవలసిన పని ఇది. ఒకే పాటను మూడు రకాలుగా రికార్డు చేయండి. మొదటిది పాత గాయకుడి రికార్డు. రెండోది దానికి నకలు: అదే శ్రుతి, అవే అచ్చులను సాగదీయడం, స్వరం చివర అదే వణుకు, అదే అక్కర్లేని ఊపిరి. మూడోది శ్రుతిని రెండు మూడు మెట్లు దించి, ఎత్తైన కేకలు వదిలేసి, గాయకుడికి ఊపిరి ఎక్కడ అవసరమో అక్కడే తీసుకుని పాడినది. ఈ మూడో రూపాన్ని వెంటనే అందంగా తీర్చిదిద్దకండి, మొదటిసారి వినిపించినప్పుడు అందులో కాస్త బెరుకు ఉండాలి. కథ 1980లలో జరుగుతుంటే శ్రుతిని కంప్యూటర్‌తో సరిచేయడం పూర్తిగా మానుకోండి. అలా సరిచేసే ఆటో-ట్యూన్ సాఫ్ట్‌వేర్ వచ్చినది 1997లో. ఆ నునుపు చెవికి పడగానే కాలం అబద్ధమైపోతుంది.

కల్పిత బృందం పాటలు నిజంగా హిట్ అయి ఉండేవనిపించాలి కదా, ఇక్కడే చాలా చిత్రాలు చతికిలబడతాయి. పాటలు రాయడానికి సినిమా సంగీతకారుడి మీద మాత్రమే ఆధారపడక, ఆ సంగీత ధోరణిలోనే బతికినవారిని పిలవండి. స్టీల్ డ్రాగన్ పాటల్లో ఒకదాన్ని హార్డ్ రాక్ గాయకుడు శామీ హేగర్ రాశారు, మరొకటి స్టీల్‌హార్ట్ అంతకుముందే పాడుకున్న పాట. తెర మీద వాద్యకారులుగా నిజజీవితంలోనూ రాక్ వాద్యకారులైనవారే, గిటార్‌కు జాక్ వైల్డ్, బేస్‌కు జెఫ్ పిల్సన్, డ్రమ్ములకు జేసన్ బోనమ్ నటించారు. చేతివేళ్ళు తీగల మీద సరైన చోట పడుతుంటే కెమెరాను ఎక్కడైనా పెట్టుకోవచ్చు. వాయించడం రాని నటులైతే ప్రతి షాటులోనూ చేతులను దాచడంతోనే ఎడిటర్‌కు సరిపోతుంది.

కచేరీని చిత్రీకరించడం

పాటలన్నీ ముందే రికార్డు చేసి సెట్లో ప్లేబ్యాక్ పెట్టి తీయడం మామూలు పద్ధతి. అయితే నటుడు పెదవులు కదిపి ఊరుకుంటే రాక్ పాటలో అది వెంటనే పట్టుబడుతుంది, ఎందుకంటే ఈ గానం మెడ నరాల్లో, దవడలో, పొట్ట కండరాల్లో కనబడుతుంది. ప్లేబ్యాక్ ఎంత గట్టిగా ఉన్నా నటుడు ప్రతి టేక్‌లోనూ గొంతెత్తి పాడాలని ముందే షరతు పెట్టండి; అతని గొంతు అరిగిపోకుండా రోజుకు ఎన్ని టేకులు తీయాలో కూడా దాన్ని బట్టే లెక్క వేసుకోండి. మైకు పట్టుకోవడం నేర్పించండి. అనుభవమున్న గాయకుడు పెద్ద స్వరం వచ్చేటప్పుడు మైకును నోటికి దూరం జరుపుతాడు, మెల్లని మాటకు దగ్గరకు తెచ్చుకుంటాడు. కథానాయకుడు మొదట్లో పాత గాయకుడు జరిపినప్పుడల్లా జరిపి, చివర్లో తన స్వరం కోరినప్పుడు మాత్రమే జరిపితే, గొంతులో వచ్చిన మార్పు చేతిలోనూ కనబడుతుంది.

పాట మధ్యలో సంభాషణ ఉంటే, సంగీతాన్ని ఆపి అతి తక్కువ పౌనఃపున్యంలో లయను మాత్రమే వినిపించే ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ గుడగుడ శబ్దాన్ని తర్వాత వడగట్టి తీసేస్తారు, జనం మాత్రం లయ తప్పకుండా ఊగుతూనే ఉంటారు. స్లో మోషన్‌లో పాడుతున్న ముఖం కావాలంటే సెకనుకు 48 ఫ్రేములతో తీస్తూ ప్లేబ్యాక్‌ను రెట్టింపు వేగంతో పెట్టాలి. 24 ఫ్రేములతో ప్రదర్శించినప్పుడు కదలికలు నెమ్మదిగా ఉన్నా పెదవులు పాటకు సరిపోతాయి. నటుడు పాటను రెట్టింపు వేగంతో పాడడం ముందే సాధన చేసి ఉండాలన్నది వేరే చెప్పనవసరం లేదు.

కాలానికి సంబంధించి రెండు మూడు విషయాలు చూసుకోండి. 1980ల గాయకుడి చెవిలో ఇయర్‌ఫోన్ ఉండదు. అతనికి తన గొంతు వినిపించేది కాళ్ళ ముందు నేల మీద వాలుగా పెట్టిన మానిటర్ స్పీకర్లలోంచి. అవి మొరాయిస్తే తన గొంతు తనకే వినబడదు, ఇది ఈ కథకు అయాచితంగా దొరికిన సన్నివేశం. కదిలే రంగుల దీపాలు 1981లో జెనెసిస్ బృందం పర్యటనతో రంగప్రవేశం చేశాయి కానీ, చిన్న క్లబ్బుల్లో రంగు కాగితాలు తొడిగిన మామూలు దీపాలే ఉండేవి. క్లబ్బుకూ స్టేడియానికీ మధ్య దూరాన్ని దీపాలతోనే చూపించవచ్చు.

ముగింపు, హక్కులు

ముగింపుకు కచేరీ వేదికే సరైన చోటు. ‘రాక్ స్టార్’లో తనతో పాటు పాడుతున్న ఓ అభిమానిని కథానాయకుడు వేదికపైకి లాగి మైకు అప్పగిస్తాడు, ఆ పాత్రలో కనిపించిన మైల్స్ కెనడీ తన సొంత గొంతుతోనే పాడారు, కొన్నేళ్ళకు ఆల్టర్ బ్రిడ్జ్ బృందపు గాయకుడయ్యారు. ఇదే ముగింపును మీరు వాడలేరు కానీ, దాని వెనకున్న లెక్క తీసుకోవచ్చు: స్థానాన్ని వదులుకోవడం ఓటమి వల్ల కాక వినికిడి వల్ల జరగాలి. అతను ఏదో విని ఆగిపోవాలి. మన కథలో అక్కర్లేని ఊపిరి తీసుకునే చోటు వచ్చినప్పుడు అతను ఊపిరి తీసుకోకపోతే చాలు. డ్రమ్మర్ తల ఎత్తి చూస్తాడు, పాట నడుస్తూనే ఉంటుంది.

హక్కుల పని స్క్రిప్టు రెండో ముసాయిదా సమయానికే మొదలుపెట్టాలి. నిజమైన పాటను సినిమాలో వాడాలంటే రెండు వేర్వేరు అనుమతులు కావాలి: పాట స్వరసాహిత్యాల కోసం ప్రచురణకర్త నుంచి సింక్ లైసెన్సు, ఆ రికార్డింగునే వాడితే రికార్డు కంపెనీ నుంచి మాస్టర్ లైసెన్సు. మీ గాయకుడితో మళ్ళీ పాడిస్తే రెండోది అక్కర్లేదు, మొదటిది మాత్రం తప్పదు. అమెరికాలో ఒకరి పాటను ఇంకొకరు ఆడియోగా విడుదల చేయడానికి, హక్కుదారు కాదనలేని చట్టబద్ధమైన లైసెన్సు (కంపల్సరీ లైసెన్సు) ఉంది. అది సినిమాకు వర్తించదు, దృశ్యంతో జోడించగానే ప్రచురణకర్త కాదనే హక్కు పొందుతాడు. ట్రిబ్యూట్ బ్యాండ్ సన్నివేశాలు సినిమా నిండా ఉంటాయి కనుక, కల్పిత బృందాన్ని సృష్టించి దాని పాటల హక్కులన్నీ నిర్మాణ సంస్థ పేరనే ఉంచుకోవడం ఖర్చు పరంగా కూడా మేలు. నిజజీవిత వ్యక్తి కథ అయితే ఆ వ్యక్తితో ఒప్పందం చేసుకోవడం, బృందం పేరు వాడకపోవడం, సంఘటనలను గుర్తుపట్టలేనంతగా మార్చడం అన్న మూడు దారుల్లో దేన్ని ఎంచుకున్నారో న్యాయవాదితో కాగితం మీద పెట్టించండి.

తుది మిక్సింగుకు ముందు, కథ తెలియని నలుగురికి బొమ్మ లేకుండా పాటల్ని మాత్రమే సినిమాలోని వరుసలో వినిపించండి. గాయకుడు ఏ పాటలో మారాడో వారు చెప్పగలిగితే మిక్సింగుకు వెళ్ళవచ్చు. చెప్పలేకపోతే మూడో రూపాన్ని ఇంకో మెట్టు శ్రుతి దించి మళ్ళీ రికార్డు చేయండి.